నున్న కుప్పంటి, నూగు కుప్పంటి

తొలకరి పడి జొన్నచేలు మోకాలెత్తు లేచాయంటే, పలకల గనుల పక్కనున్న ఆ పల్లెలో పొద్దున పూట ఒక్క మనిషి ఇంట్లో ఉండేవాడు కాదు. మగవాళ్ళు గనికి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు సంగటిముద్ద కొంగున కట్టుకుని కలుపుకు పోయేవాళ్ళు. గరిక, తుంగ, గురుగు అన్నీ పెరికేవాళ్ళు గానీ కుప్పంటి మొక్క మాత్రం చేతికి తగిలితే ఆగేవాళ్ళు. బుడగలాంటి గుల్లలో గోలీ అంత పండు. గుల్ల ఎండి, పండు పసుపుపచ్చగా తిరిగితే తేనె. పచ్చిగా ఉంటే మాత్రం కాకి కూడా ముట్టదు. మధ్యాహ్నం సంగటికి కూర లేకపోయినా ఎవరూ బాధపడేవాళ్ళు కాదు, ఒడినిండా కుప్పంటి పళ్ళుండేవి కాబట్టి.

అయితే కుప్పంటి ఒకటి కాదు. చూపుకు అక్కాచెల్లెళ్ళలాంటివి రెండున్నాయి. పళ్ళు తినేవాళ్ళకు ఏదైనా ఒకటే. మందు నూరేవాళ్ళకు మాత్రం తేడా తెలియకపోతే కుదరదు. ఆ తేడా తెలిసిన మనిషి ఆ పల్లెలో మగ్దలీనమ్మ. కామెర్లకు, కాళ్ళ వాపుకు, పిల్లల కడుపునొప్పికి ఆమె దగ్గరికే రావాలి. మార్కాపురం బజారులో దుకాణాలున్న షావుకార్ల ఇళ్ళనుంచి కూడా ఆమె కోసం బండి వచ్చేది. ఇంటి నడుమ నిట్రాడుకు తగిలించిన ఆమె మందుసంచి భుజానికెక్కితే, దొరలకు లేచినట్టు అరుగుల మీది మగవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు.

ఆ సంచి ఇవాళ కాకపోతే రేపు తనదేనని పెద్దకోడలు రోశమ్మ నమ్మకం. నమ్మకం ఏంది, హక్కు. కాపురానికి వచ్చిన మొదటి వానాకాలం నుంచి అత్త వెనకే నడిచింది. ఆమె చూపించిన ప్రతి మొక్కా చూసింది. తిట్లు తిన్నది, ఆకులు నూరి నూరి అరచేతులు కాయలు కట్టించుకున్నది. నున్న కుప్పంటి కాండం పలకలు తేలి ఉంటుందని, ఆకు మీద నూగు ఉండదని, పువ్వు ఏ మచ్చా లేని లేత పసుపని, గుల్ల గుండ్రంగా ఉండి మీద సన్నటి ఊదా ఈనెలు పారతాయని ఆమెకు కంఠతా వచ్చు. నూగు కుప్పంటి ఒళ్ళంతా మెత్తటి నూగు, పువ్వు గొంతులో అయిదు నల్లటి మచ్చలు, గుల్లకు అయిదు పదునైన అంచులు. ఇంకా దూరపు చుట్టం పెన్నేరు ఉండనే ఉంది. గుల్లలో ఎర్రటి పండు పెట్టుకుని, నేనూ కుప్పంటినే అన్నట్టు చేను గట్టున నిలబడుతుంది. రోశమ్మ దాని మోసానికీ ఎప్పుడూ లొంగలేదు.

అట్లాంటి ఇంట్లోకి కురిచేడు నల్లరేగడి నుంచి రెండో కోడలు హన్నా రైలెక్కి వచ్చింది.

ఆ పిల్ల గర్విష్ఠి అయినా బాగుండేది, రోశమ్మకు తిట్టుకోవడానికి ఒక దారి దొరికేది. కానీ హన్నా నోట్లో ఎప్పుడూ అక్కా అక్కా అనే మాటే. అప్పటికి మగ్దలీనమ్మ చూపు మసకబారింది, అందుకని చిన్నకోడలికి అంతా చేత్తో తడిమించి నేర్పింది. రోశమ్మకు ఏళ్ళు పట్టిన చదువు హన్నా ఒక్క వానాకాలంలో ఒంటబట్టించుకుంది. కళ్ళు మూసుకుని ఆకు తడిమి ఇది నున్నది, ఇది నూగుది అని చెప్పేసేది. ఒకరోజు కలుపు దగ్గర పదిమందిలో మగ్దలీనమ్మ, "దీని వేళ్ళకు కళ్ళున్నాయే" అన్నది. రోశమ్మ అన్నేళ్ళలో అత్త నోట అట్లాంటి మాట ఒక్కటీ వినలేదు. ఆ పూట ఆమె సంగటి ముట్టలేదు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఆమె ఏడ్చింది కూడా.

తెల్లారి లేచేసరికి రోశమ్మకు గుల్ల కట్టింది.

మొదట కొప్పు మీద లేతాకుపచ్చ తొడిమలాగా మొలిచింది. వారం తిరిగేలోగా చెవులు దిగి, భుజాలు దిగి, మోకాళ్ళ దాకా బుడగలాగా కమ్ముకుంది. కొడవలి పట్టుకునేందుకు చేతుల దగ్గర చీలికలు వదిలింది, అంతే. ఆ పల్లెలో కడుపుమంట పెట్టుకున్నవాళ్ళకు గుల్ల కట్టడం కొత్తేం కాదు. దాయాది పాలివాడు జోడెద్దులు కొన్నాడని వెనకటికి విశ్వాసం అనే ఆయన గుల్లలోనే రెండు పంటలు గడిపాడు. అది పండి రాలిపోతే ఆయన పెళ్ళాం అందులో పిడకలు దాచుకుంది. అందుకని రోశమ్మను చూసి ఎవరూ వింతపడలేదు. మొగుడు ఎజ్రా, మంచం మీద ఇంక ఇద్దరికి చోటు చాలదని చాప తీసుకుని కింద పడుకున్నాడు. వెనకవాళ్ళకు వాక్యం చెప్పేవాడు కనపడటం లేదని, ఆదివారం గుడిలో గోడవారన కూర్చోమని బోధకుడు శాంతయ్య మర్యాదగా చెప్పాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మాత్రం గుల్లను తడిమి, అయిదంచులు లెక్కబెట్టి, నూగుదేనని తేల్చారు.

మగ్దలీనమ్మ కూడా తడిమి చూసింది. "పండితే అదే రాలుద్ది. అంతదాకా ఓర్చుకో" అన్నది. "పచ్చిగా ఉన్నప్పుడు చింపుకోబాకు. చింపుకుంటే లోపలి చేదు ఇంక చచ్చిందాకా తియ్యబడదు."

ఓర్చుకోవడం ఎట్లాగో మాత్రం చెప్పలేదు. గుల్లలోంచి చూస్తే రోశమ్మకు లోకమంతా ఆకుపచ్చగా కనపడేది, అందులో హన్నా ఇంకాస్త నిగనిగలాడుతూ కనపడేది. హన్నా నవ్వితే మంట, నవ్వకపోతే నటిస్తోందని మంట. అత్తకు ఎవరు ముందు నీళ్ళందిస్తారా అని లెక్క చూసుకునేది. తన మాట గుల్లలోనే తిరిగి తిరిగి తుమ్మెద రొదలాగా బయటికొచ్చేది కాబట్టి జనం ఆమెను పలకరించడం కూడా తగ్గించారు.

అంతలో మగ్దలీనమ్మే మంచాన పడింది. కళ్ళు పసుపుపచ్చగా తిరిగాయి, కాళ్ళు వాచాయి. ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. మందిచ్చే చెయ్యి తనకు తాను మందిచ్చుకోకూడదు. ఆ చేతికి జబ్బు చేసినప్పుడు ఇంట్లో ఇంకో చెయ్యి నూరివ్వాలి, ఎవరి మందుకు జబ్బు తగ్గితే సంచి వాళ్ళది. మగ్దలీనమ్మకు కూడా ఆమె అత్త సంచి అట్లాగే వచ్చింది. కోడళ్ళిద్దరినీ మంచం దగ్గరికి పిలిచి, నున్న కుప్పంటి ఆకు నూరి రసం తెమ్మన్నది. ముందు తెచ్చినవాళ్ళ చేతిది ముందు తాగుతానన్నది. నూగుది గనక ఈ కడుపులో పడితే ఉన్న ఊపిరి కూడా పోతుందని, ఆ సంగతి మీ ఇద్దరికీ తెలుసునని అన్నది.

చేలన్నీ అప్పటికే కలుపు తీసేసి ఉన్నాయి. కుప్పంటి మిగిలింది రెండు చోట్లే, వాగు ఒడ్డున, గని దగ్గర పలకల చెత్తపోసిన గుట్టల మీద. రోశమ్మ వాగుకు పోతూ గుట్టల దారిన నడిచింది. అక్కడ హన్నా కూర్చుని ఆకు కోస్తోంది.

రోశమ్మలాగా గని పక్క పెరిగినవాళ్ళకు గుట్టల మీది మొక్క సంగతి వేరే చెప్పనక్కరలేదు. పలకలు కోసే చోట లేచే బూడిద ఎప్పుడూ ఆ మొక్కల మీద పడుతూనే ఉంటుంది. పైన సన్నజల్లు పడిందంటే అది బురదై, నూగును అణగదొక్కి, అలికినట్టు ఆరిపోతుంది. అప్పుడు చేత్తో తడిమితే నూగాకు కూడా తుడిచిన పలకలాగా నున్నగా ఉంటుంది. పువ్వు గొంతులో మచ్చలు కూడా బూడిదతో పూడిపోతాయి. కడిగి చూడాలి, లేదా గుల్ల అంచులు చూడాలి. నల్లరేగడి పిల్లకు ఇవన్నీ ఎట్లా తెలుస్తాయి? హన్నా కళ్ళు మూసుకుని, అత్త నేర్పినట్టే ఒక్కో ఆకూ తడిమి, సంతోషంగా ఒడిలో వేసుకుంటోంది. ఆ మొక్కకు వేలాడే గుల్లలకు అయిదంచులూ స్పష్టంగా కనపడుతున్నాయి.

రోశమ్మ నిలబడింది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆమెకు సంతోషమేసింది. దాచేదేముంది, వేసవిలో కుండనీళ్ళు తాగినట్టు కడుపు చల్లబడింది. వేళ్ళకు కళ్ళున్నాయన్నారు గదా, చూద్దాం. అత్త వాసన పట్టే పారబోస్తుందిలే, పదిమందిలో దీని పరువు పోతుందిలే, అంతకుమించి ఏమవుతుంది అని తనకు తానే చెప్పుకుంది. కామెర్లు వచ్చినప్పటినుంచి అత్తకు వాసనే తెలియడం లేదన్న సంగతి ఆ క్షణాన గుర్తు తెచ్చుకోలేదు. హన్నా తలెత్తేలోగా రోశమ్మ వాగు వైపు సాగిపోయింది.

వాగు ఒడ్డున నున్నది దొరికింది. కాండం పలకలు చూసుకుంది, గుల్ల మీద ఊదా ఈనెలు చూసుకుంది, ఆకు నీళ్ళలో కడిగి బండమీద నూరి ముంతలో పిండుకుంది. తిరిగి వచ్చేటప్పుడు నడక సాగలేదు. గాలి గుల్లను పట్టుకుని వెనక్కి లాగింది. దారిలో అత్తకు వాసన తెలియని సంగతి గుర్తుకొచ్చింది. గుర్తుకు రాగానే ఆమె పరుగెత్తింది. గుల్లలో పరుగెత్తడమంటే గంపలో కోడి పరుగెత్తినట్టే.

ఇల్లు చేరేసరికి హన్నా అప్పటికే నూరేసింది. మగ్దలీనమ్మ మంచం మీద లేచి కూర్చుని గిన్నె చేతిలోకి తీసుకుంది. రోశమ్మ గుమ్మంలోకి దూరబోతే గుల్ల పట్టలేదు. ఇన్నాళ్ళూ పక్కకు తిరిగి ఒదిగి వెళ్ళేది, ఇప్పుడు తొందరలో అటూ ఇటూ ద్వారబంధానికి ఇరుక్కుంది. తాగొద్దని అరిచింది. అరుపు గుల్లలోనే తిరిగింది. అక్క వచ్చిందత్తా అని మాత్రం హన్నా చెప్పింది. అత్త తల ఊపి గిన్నె పెదవుల దగ్గరికి ఎత్తింది.

రోశమ్మ చేతిలోని ముంతను గడప లోపల ఓరగా దించి, గోళ్ళతో గుల్లను పట్టుకుని నిలువునా చింపింది. పచ్చిగుల్ల, చర్మం ఒలిచినట్టు నొప్పి పెట్టింది. ఇల్లంతా చేదు వాసన కొట్టింది. రెండు చెక్కలూ గడప బయటే పడిపోయాయి, ఆమె లోపలికొచ్చి పడి గిన్నె లాక్కుంది.

"తాగొద్దత్తా. అది నూగుది."

"కాదక్కా" అన్నది హన్నా. "తడిమే కోసినాను. నున్నగా ఉండింది."

"అది పలకబూడిద. జల్లుకు నూగు మీద మెత్తుకున్నది. మిగిలిన ఆకు కడిగి చూడు."

హన్నా ఒక రెమ్మను కడవనీళ్ళలో ముంచి రుద్దింది. నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. ఆకు మీద నూగు లేచి నిలబడింది. పువ్వు గొంతులో అయిదు మచ్చలూ తేలాయి.

మగ్దలీనమ్మ పెద్దకోడలి వైపు తిరిగింది. "నువ్వు ఇప్పుడే గదా లోపలికొచ్చినావు. గిన్నెలో రసం చూసి ఏ మొక్కదో ఎవరూ చెప్పలేరు. నీకెట్ల తెలిసింది రోశా?"

అబద్ధమాడే తోవ ఉంది. రోశమ్మ ఆడలేదు.

"గుట్టల కాడ చూసినాను. అది కోసేటప్పుడే."

"చూసి?"

"చూసి ఊరుకున్నాను."

హన్నా రోశమ్మ చేతిలోని గిన్నె తీసుకుని బయట పారబోసింది. తిట్టి ఉంటే రోశమ్మకు కొంత తేలికయ్యేది. మగ్దలీనమ్మ, నీ ముంత ఇటివ్వమని చెయ్యి చాచింది. అడుగంటా తాగి గోడవైపు తిరిగి పడుకుంది.

జొన్న కంకులు పాలు పోసుకునే నాటికి ఆమె కళ్ళు తెల్లబడ్డాయి. కాళ్ళ వాపు దిగి, కర్ర పోటేసుకుని గుడిదాకా నడిచింది. ఇంక సంచి పెద్దకోడలిదేనని పల్లెలో చిన్నపిల్లలు కూడా అనుకున్నారు. ఆ ఆదివారం ఇంటికి రాగానే మగ్దలీనమ్మ నిట్రాడు మీది సంచి దింపి హన్నా భుజానికి తగిలించింది.

రోశమ్మ సంచి పట్టీ పట్టుకుంది. "పనిచేసింది నా చేతి మందత్తా" అన్నది.

"అవును, చేసింది. నీకు తెలిసినంత దీనికి ఇంకా తెలియదు, అదీ నిజమే." ముసలామె అరుగు మీద కూలబడింది. "నువ్వు సంచి మోస్తే నీ తప్పు పట్టేవాళ్ళు ఈ పల్లెలో ఉండరు. హన్నా అసలు పట్టదు, దానికి నువ్వంటే గౌరవం. ఇది మోస్తే నువ్వుంటావు. కుళ్ళుకున్నదాని కన్ను నిద్రపోదు రోశా. దీని చేతిలో ఒక్క ఆకు తప్పు పడినా నీకు ముందు కనపడుద్ది."

"కనపడినా మళ్ళీ ఊరుకుంటే?"

"గుల్ల లేదు గదా ఇంక. నోరు మూసిపెట్టేందుకు ఏముంది?"

మగ్దలీనమ్మ చెప్పిందే జరిగింది. పచ్చిగా చింపుకున్న గుల్ల రోశమ్మకు మళ్ళీ ఎన్నడూ కట్టలేదు, లోపలి చేదు ఎన్నడూ తియ్యబడలేదు. విశ్వాసంలాగా ఆమెకు మంట పండి రాలిపోయే యోగం లేకపోయింది. అత్త పోయింది, పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాయి, ఇద్దరికీ తలలు నెరిశాయి. హన్నా కోసం బండ్లు వచ్చాయి, అరుగుల మీద మనుషులు హన్నాకు లేచి నిలబడ్డారు. ప్రతిసారీ రోశమ్మకు ఆ మొదటిరోజు ఎంత మండిందో అంతే మండింది. అయినా హన్నా ఆకు కోయడానికి పోతే చాలు, ఇంట్లో పొయ్యి మీద ఎసరున్నా వదిలేసి వెనకే పోయేది. పక్కన నడిచేది కాదు, మాట్లాడేది కాదు. నాలుగు సాళ్ళ అవతల నిలబడి ఆ చేతినే చూస్తూ ఉండేది.

హన్నా వంగి ఒక మొక్క మీద చెయ్యి వేసేది.

"అది కాదు" అనేది రోశమ్మ.

హన్నా వెనక్కి తిరిగి చూడకుండా ఆ మొక్కను వదిలేసేది.

హన్నా చేతి మందు ఒక్కసారి కూడా తప్పలేదని గిద్దలూరు దాకా చెప్పుకున్నారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా రోశమ్మ తిండి మానేసి పడుకునేది.