నిర్వాహకులు అర్హులు కారు

పిండి పలచగా రావడం లేదని అత్తగారు రెండోసారి అన్నప్పుడు నేను సహాయ నిధి వాళ్ల గురించి ఆలోచిస్తున్నాను. మధ్యాహ్నం నా మొగుడు మెదెర్‌బెక్ స్నేహితులు భోజనానికి వస్తారు. పొయ్యి మీద గొర్రె మాంసం ఉడుకుతోంది. ఆ తర్వాత మా నారిన్ ఊళ్లోని ఆశ్రయ గృహాన్ని చూడటానికి ప్రాంతీయ నిధి నుంచి మనిషి వస్తుంది. మొగుళ్ల దెబ్బలకు తాళలేక వచ్చిన తొమ్మిది మంది ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. చలికాలం సగం గడవకముందే బొగ్గు అయిపోయింది. గ్రాంటు రాకపోతే ఇల్లు మూసేయడమే.

ఆ ఇల్లు నడిపేది నేను. దాని అధ్యక్షుడు నా మొగుడు. సంస్థ పెట్టినప్పుడు నేను, జూరా, ఆయన, ముగ్గురం సభ్యులం. మగమనిషి ఉంటే ఆఫీసుల్లో పనులవుతాయని ఆయన్ని పైన కూర్చోబెట్టాం. మహిళా దినోత్సవం నాడు వేదికెక్కి ఆడదాని కన్నీటి గురించి మాట్లాడేవాడు. చేతుల మీది మచ్చలు కనపడకుండా పొడుగు చేతుల గౌను తొడుక్కుని, కింద కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని.

భార్యాభర్తలిద్దరూ పెద్దలుగా ఉన్న సంస్థకు అర్హత లేదన్నది నిధి షరతు. ఆయన వంటింట్లోకి వస్తే, ముఖం చూసి మంచి వేళే అనుకుని చెప్పాను.

"నువ్వు తప్పుకుంటే సరిపోతుంది. పేరుకే కదా."

"పేరుకా? నా పేరు లేకపోతే నిన్నెవడు గుమ్మం ఎక్కనిస్తాడే?"

పిండి ఒత్తే కర్ర నా చేతిలోంచి లాక్కున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మణికట్టు మీద. నొప్పి కంటే ముందు ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. కిందపడ్డాక డొక్కలో తన్నాడు. జుట్టు పట్టి పొయ్యి ఇనుప అంచుకు తల కొట్టాడు. కంట్లోకి రక్తం కారింది. అత్తగారు పులుసు కలుపుతూనే ఉంది.

"ముఖం మీద కొట్టకురా, అతిథులొచ్చే వేళ," అంది. ఆయన బయటికి వెళ్లాక నాతో, "లేమ్మా, పిండి ఆరిపోతోంది," అంది.

లేచాను. ఇన్నేళ్లూ అలాగే, పిండి కోసమో టీ కోసమో లేచాను. ఈసారి ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మంచులోకి నడిచాను. ఆశ్రయ గృహం దాకా దారంతా, జారిపడ్డానని చెప్పుకోవడం సాధన చేశాను. ఎంతమంది నా ఎదురుగా కూర్చుని ఆ మాటే చెప్పారో. ఎంత ఓపిగ్గా వినేదాన్నో, నేను వేరే జాతి మనిషినైనట్టు.

జూరా గుమ్మంలోనే పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. చేతికి చెక్క కట్టి మంచం మీద పడుకోబెట్టింది. నిధి నుంచి వచ్చిన అయ్‌పెరి చిన్నపిల్ల. నా ముఖం చూసి గొంతు తగ్గించింది.

"బురుల్ అక్కా, నిర్వాహకులూ వాళ్ల ఇంటివాళ్లూ ఇక్కడి సాయానికి అర్హులు కారు. మీరీ మంచం మీద ఉన్నారని రాస్తే గ్రాంటు రాదు. నేను చూడలేదనుకుంటాను. ఈ పూటకి చుట్టాలింటికి వెళ్లండి."

"మా చుట్టాలు నన్ను చీకటి పడకముందే ఆయనకి అప్పగిస్తారమ్మా."

"తల పగిలిన మనిషిని బొగ్గు కోసం మంచులోకి తోలమంటావా?" అంది జూరా.

"నియమం నేను పెట్టింది కాదక్కా."

నియమం మీద నాకు కోపం రాలేదు. పెద్దలు తమ వాళ్లకే పంచుకోకూడదని పెట్టారు. తల పగిలేది ఆ పెద్దలకే కావచ్చని రాసినవాళ్లకి తోచలేదు. నాకు మాత్రం తోచిందా?

"జూరా, ఆయన్ని తీసేయడానికి ఇద్దరం చాలు కదా," అని ఎడమ చెయ్యి ఎత్తాను. జూరా తనూ ఎత్తింది.

"ఇప్పుడు నేనూ తప్పుకుంటున్నాను. ఇల్లు నువ్వు నడుపు."

అయ్‌పెరి కలం ఆగింది. "మరి మీరెవరని రాయను?"

"మొగుడు కొడితే వచ్చిన మనిషి అని రాయి. ఈ మంచానికి కావలసిన అర్హత అదేగా."

గ్రాంటు మంచు కరిగే రోజుల్లో వచ్చింది. ఆయన మాత్రం ఆ సాయంత్రమే వచ్చాడు.

"తలుపు తియ్యండి. నేను అధ్యక్షుణ్ణి."

"అధ్యక్షులెవరూ లేరిక్కడ," అంది జూరా లోపలి నుంచి.

అలవాటుకొద్దీ అందరూ నా వైపు చూశారు. అలవాటుకొద్దీ నా కాళ్లూ నేల మీద ఆనాయి. మళ్లీ దుప్పట్లోకి లాక్కున్నాను. బయట ఆయన తలుపును తంతూనే ఉన్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి ఆ తన్నులు చెక్కకు తగులుతున్నాయి.