రెండు మడమలూ ఆనే బండి

ఛత్రపూర్ కోర్టు ముందు బండి పడిపోయిందని కాశయ్య అందరికీ చెప్పాడు గానీ, ఎందుకు పడిందో ఎవరికీ చెప్పలేదు.

గోపాల్‌పూర్‌లో ముప్పై ఏళ్ళు పడవ ఇంజన్లు బాగుచేసిన మనిషి. అరవై ఆరో ఏట పని మానేసి, భార్య కన్నమ్మను మోటారు సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని సముద్ర తీరం పొడుగునా ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాడు. ఆ రోజు లారీలు అడ్డమొస్తే బండి ఆపి ఎడమ కాలు కింద పెట్టాడు. పెట్టాననే అనుకున్నాడు. నేల తగిలినట్టే తెలియలేదు. రెండు వందల కిలోల బండి ఇద్దరినీ తీసుకుని పక్కకు ఒరిగింది. కన్నమ్మ మోచెయ్యి చెక్కుకుపోయింది.

"బరువు బండి. మన వయసుకి పనికిరాదు," అన్నాడు లేస్తూ.

కన్నమ్మ అతని కాలివంక ఓ క్షణం చూసి, చీర దులుపుకుంది.

ఆమెకు చాందీపూర్ చూడాలని కోరిక. అక్కడ ఆటు వేళ సముద్రం ఎక్కడికో వెనక్కి పోతుందట, నడిచి వెళ్ళినా అందదట. పుట్టింది మొదలు అలల పక్కనే బతికినా అలాంటి వింత ఆమె ఎరగదు. అంత దూరం పోవాలంటే వేరే బండి కావాలి. వారం రోజులు బరంపురంలో షాపులన్నీ తిరిగారు. ఒక బండి సీటు మరీ ఎత్తు, కాలి వేళ్ళు మాత్రమే అందాయి. ఒకటి మోకాళ్ళు మడిచి కూర్చోబెట్టింది. ఇంకొకటి తేలికే గానీ లారీ గాలికే ఊగిపోయేలా ఉంది.

పాత బస్టాండు దగ్గర సెకండ్ హ్యాండు బళ్ళు అమ్మే గౌతమ్ లోపలినుంచి ఒక నల్ల బండి తోసుకొచ్చాడు. సీటు కిందికి ఉంది. నడుము వంచక్కర్లేకుండా హ్యాండిల్ మనిషి వైపుకు తిరిగి ఉంది. వెనక కూర్చునేవాళ్ళకు వీపు ఆనుకునే దిండు కూడా ఉంది.

"నూట యాభై కిలోలే మౌసా. కూకొని సూడండి," అన్నాడు, బాబాయిని ఒడియాలో పిలిచే వరసతో.

కాశయ్య కూర్చున్నాడు. మడమలు నేలకు ఆనాయో లేదో కిందికి వంగి చూశాడు. ఆనాయి. రెండూ.

"ఎందుకలాగ వొంగి సూస్తన్నావు? ఆనితే తెలీదేటి?" అంది కన్నమ్మ.

"టైర్లు సూస్తన్నాను."

పాత బండి ఇక్కడ పెట్టి సాయంత్రం దాకా తిప్పి చూసుకోమన్నాడు గౌతమ్. కన్నమ్మ ఎక్కి కూర్చుంది. హైవే మీద బండి నీళ్ళ మీద తెప్పలా సాగింది. ఛత్రపూర్ దాటింది, రుషికుల్య వంతెన దాటింది. నడుము నొప్పి లేదు, మోకాలు పీకడం లేదు. ఇన్నాళ్ళూ తప్పు బండిదేనని కాశయ్య తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

"ఏదో మాడతంది," అంది కన్నమ్మ అతని చెవి దగ్గర.

"ఎవలో టైర్లు కాలుస్తన్నారు."

రెండు పక్కలా చూశాడు. ఎక్కడా పొగ లేదు. ఎండలో ఉప్పు మళ్ళు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. పక్కనుంచి పోతున్న లారీ డ్రైవరు కిటికీలోంచి వంగి, కిందికి వేలు చూపిస్తూ ఏదో అరిచాడు. బండి బాగుందంటున్నాడనుకుని కాశయ్య చెయ్యి ఊపాడు. వాసన మాత్రం వెంటే వస్తోంది. ఇప్పుడది రబ్బరు వాసనలా లేదు.

హుమ్మ ఊరి దగ్గర టీ బడ్డీ ముందు ఆపాడు. చూసుకుంటూ ఎడమ మడమ కింద పెట్టాడు. బండి కదలకుండా నిలబడింది.

"సూసేవా, ఎంత కుదురుగా నిలబడిందో."

కన్నమ్మ దిగింది. దిగిన చోటే ఆగిపోయింది. అతని కుడి కాలి చెప్పు కరిగి సైలెన్సరుకు అంటుకుపోయింది. పాదం పక్క చర్మం కూడా దానితోపాటే ఊడి ఉంది. కాశయ్య ఆ కాలివైపు ఎవరిదో కాలిని చూసినట్టు చూశాడు. నొప్పి కోసం ఎదురుచూశాడు. అది రాలేదు.

"ఎన్నాళ్ళయింది?" అంది కన్నమ్మ నెమ్మదిగా.

"రెండేళ్ళు."

"కోర్టు కాడ పడిన నాడే నాకు తెలిసిపోనాది. నువ్వే సెప్తావని సూస్తన్నాను."

"తెలిసీ ఎందుకెక్కేవు మరి?"

"నేనెక్కకపోతే నువ్వొక్కడివీ ఎల్తావు."

టీ బడ్డీవాడు ఆటో పిలిచాడు. బరంపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ కుడి పాదానికి కట్టు కట్టించింది. చక్కెర జబ్బు ముదిరి కాళ్ళ నరాలు చచ్చిపోతున్నాయని, రెండు వేళ్ళు తీసెయ్యాల్సి రావచ్చని ఒడియాలో చెప్పింది. తర్వాత ఎడమ కాలు చాపమంది.

"కళ్ళు మూసుకో. గుచ్చినప్పుడు చెప్పు."

కాశయ్య కళ్ళు మూసుకున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. వరండాలో ఎవరో దగ్గుతున్నారు. చాలాసేపయింది.

"గుచ్చండమ్మా," అన్నాడు.

కళ్ళు తెరిచేసరికి డాక్టరమ్మ సూది ట్రేలో పెట్టేసి చీటీ మీద రాసుకుంటోంది. ఎడమ పాదం మీద నాలుగు చోట్ల సన్నటి ఎర్ర చుక్కలు.

కన్నమ్మ బయటికెళ్ళి గౌతమ్‌కు ఫోన్ చేసింది. "హుమ్మలో ఉంది నీ బండి, తెచ్చుకో బాబూ. మా పాతది కూడా అమ్మీయి."

తిరిగొచ్చి మంచం చివర కూర్చుని, ఎడమ పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకుంది. ఆమె చెయ్యి దానిమీద ఉందని కాశయ్య చూసి తెలుసుకున్నాడు.