పన్నెండు వందలే

రెండో గేర్‌బాక్సు కూడా పగిలింది. ఈసారి బండి పందెం మొదలయ్యే గీత దాటి పట్టుమని నాలుగు బారలు పోలేదు. చెల్లెలు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, మాడిన నూనె వాసన పీలుస్తూ సీట్లోనే కూర్చుండిపోయింది. పక్క వరుసలోని బండి చివరిదాకా వెళ్ళిపోయింది, దాని పొగ కూడా సద్దుమణిగింది. ఈ ఏడాది ఆమె ఒక్క పందెమైనా చివరిదాకా నడపలేదు.

ఆ బండికి ఇంజను కట్టింది ఆమె అన్న. పందేలవాళ్ళందరూ అతన్ని తాళం అంటారు. గుట్టు బయటికి రానివ్వడు మరి. ఇంజను బలమెంతని ఎవరడిగినా పన్నెండు వందల గుర్రాలనే చెబుతాడు, అదీ ఎవరో అప్పు అడిగినట్టు మొహం పెట్టి. ఆ లోకంలో ఇది మామూలే లెండి. అసలు బలం తెలిస్తే ఎదుటివాడు జాగ్రత్తపడతాడని అందరూ తక్కువ చేసే చెబుతారు. తాళం మాత్రం ఆ అలవాటుని ముదరబెట్టుకున్నాడు.

అతను బండి చుట్టూ ఓసారి తిరిగి, కిటికీ దగ్గర వంగాడు.

“మళ్ళీ యాక్సిలరేటరు మీద కాలు ఒక్కసారిగా నొక్కేశావా?”

“నువ్వు చెప్పినట్టే నొక్కాను.”

“నేను చెప్పినట్టు చేస్తే ఎందుకు పగులుతుంది? చూడు, ఇంకొకటి వేయిస్తాను. అదీ పగిలిందా, సీట్లో వేరేవాళ్ళని కూర్చోబెడతాను. తర్వాత అన్నయ్య అన్యాయం చేశాడనకు.”

ఆ సీటంటే ఆమెకు ప్రాణం. “ఆటోమేటిక్ గేర్లా? అది మోకాళ్ళ నొప్పులవాళ్ళు కొనుక్కునే బండి కదే?” అని అమ్మ ఎగతాళి చేస్తే, రెప్పపాటులో తేలిపోయే పందెంలో క్లచ్ తొక్కి గేరు వెతుక్కునే తీరిక ఎవరికుంటుందని గంటసేపు వాదించిన మనిషి. అలాంటిదాన్ని పట్టుకుని, పాపమంతా నీ కాలిదే అంటున్నాడు. కాదని రుజువు చేయడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

మర్నాడు ఇద్దరూ గేర్‌బాక్సులు కట్టే ఆయన షెడ్డుకి వెళ్ళారు. ఆయన అప్పటికే పగిలినదాన్ని విప్పి, ముక్కలన్నీ బల్ల మీద పరిచాడు. ఇంజను బలాన్ని లోపలికి తెచ్చే ఇరుసు పిండిన తడిబట్టలా మెలితిరిగి ఉంది.

“ఈసారీ మూడు గేర్లదే కట్టండి, కాస్త గట్టిగా” అన్నాడు తాళం.

“మూడెందుకండీ? మీ బండి తేలిక. మొదటి గేరు మరీ బలంగా లాగితే టైర్లు ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. రెండు గేర్లది పెట్టుకోండి. లోపల సామాను తక్కువ, విరిగేదీ తక్కువే. కాకపోతే ఇరుసు ఎంత లావుండాలన్నది మీ ఇంజన్ని బట్టి ఉంటుంది. బలమెంత?”

“పన్నెండు వందలు.”

ఆయన చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టాడు.

“పోయినసారీ అదే చెప్పారు. అంతకుముందూ అదే. పన్నెండు వందలకు కట్టిన ఇరుసు పన్నెండు వందలకు ఇలా మెలిపడదండీ. మధ్యలో ఈ అమ్మాయి కాలేం చేసింది?”

చెల్లెలికి అప్పుడర్థమైంది. అన్న ఎదుటి జట్టుకి చెప్పిన అబద్ధమే గేర్‌బాక్సు కట్టేవాడికీ చెప్పాడన్నమాట. డాక్టరు దగ్గర జ్వరం దాచేవాడినేమనాలి? ఇన్నాళ్ళూ ఆమె ఒక్కతే గదిలో కుర్చీ మీద కూర్చుని, కాలు ఎలా ఆనించాలో, ఎంత మెల్లగా నొక్కాలో సాధన చేసుకుంది.

“అన్నయ్యా, అసలెంతో ఆయనకి చెప్పు.”

మూలన ఎదుటి జట్టువాళ్ళ గేర్‌బాక్సు మరమ్మతుకి వచ్చి ఉంది. తాళం దానికేదో చెవులున్నట్టు అటు చూసి, గొంతు తగ్గించాడు.

“నువ్వు కాస్త బయట ఉండు.”

“నేనా?”

“నీ నోట్లో నువ్వుగింజ నానదు. వెళ్ళమ్మా, ఒక్క నిమిషం.”

వెళ్ళకపోతే అతను నోరు విప్పడు. విప్పకపోతే మూడోదీ పగులుతుంది. ఆమె పళ్ళు కొరుక్కుంటూ బయటికి నడిచింది. ఎదురుగా టైర్ల కొట్టు, ఎండలో వేడెక్కిన రబ్బరు వాసన. లోపలి నుంచి గుసగుస కూడా వినబడలేదు. బెల్టులు బిగించుకుని ఆ ఇంజను వెనక కూర్చునేది తను. అదెంతటిదో తెలియకూడనిదీ తనకే.

తాళం మొహం చాటంత చేసుకుని బయటికొచ్చాడు.

“కుదిరింది. రెండు గేర్లదే, లావు ఇరుసు వేస్తానన్నాడు. నీ కాలిది తప్పేం లేదట. సీటు నీదే, పో.”

ఇన్నాళ్ళ నిందకి అంతే జవాబు. ఆమె అది కూడా మింగింది.

“ఆయనకి ఎంతని చెప్పావు?”

తాళం వీధిలో అటూ ఇటూ చూశాడు. టైర్ల కొట్టువాడు మధ్యాహ్నపు కునుకులో ఉన్నాడు. ఇంకెవరూ లేరు.

“పన్నెండు వందలే” అన్నాడు.

“అయితే ఆ పన్నెండు వందలు నడిపేవాళ్ళని వెతుక్కో అన్నయ్యా. నేను నడుపుతున్నది అది కాదు.”

ఆమె వెనక్కి తిరిగి నడిచింది. తాళం అది వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా, వెనక్కి చూస్తుందని నవ్వుతూనే నిలబడ్డాడు.