ఒళ్ళు బాగుందా, బండి బాగుందా

మంచు ఎంత దట్టంగా ఉందంటే నా సైకిలు ముందు చక్రం కూడా నాకు కనపడటం లేదు, అయినా తొక్కుతూనే ఉన్నాను, రోడ్డు పైకి లేస్తోందో కిందికి వాలుతోందో తెలియడం లేదు, కాళ్ళకేమో ఎక్కుడు బరువు, చెవుల్లో మాత్రం దిగుడు గాలి హోరు. పక్కన ఎవరో వస్తున్నారు. తల తిప్పకుండానే తెలుస్తోంది, మా అన్నయ్య సూర్యం. ఆ గొలుసు కిర్రుమనే చప్పుడు నాకు తెలుసు, నూనె వెయ్యరా బాబూ అంటే రేపు రేపంటూ అలాగే తిప్పిన గొలుసు అది. పోయిన మనిషి పక్కన తొక్కుతుంటే భయం వెయ్యాలి కదా, వెయ్యడం లేదు, ముందు ఒళ్ళు మండుతోంది.

"బేగి తొక్కవే జ్యోతీ, వెనకబడిపోతన్నావు," అంటున్నాడు.

"నువ్వు చచ్చిపోయావు కదా, నీకెందుకురా అంత తొందర?"

"నాకేం తొందర? తొందరంతా నీదే."

ఎదురు మాటకి ఎదురు మాట, చచ్చినా బుద్ధి మారలేదు. చూస్తే వాడు తొక్కేదీ నేను తొక్కేదీ ఒకటే నీలం సైకిలు, హ్యాండిలుకి చుట్టిన నల్ల టేపు ఒకే చోట చిరిగి ఉంది. ఒకే సైకిలు మీద ఇద్దరం పక్కపక్కన ఎలా వెళ్తున్నామని అడగాలని కూడా నాకు తోచడం లేదు. ఇది పాడేరు ఘాటు అని మాత్రం తెలుస్తోంది. సింహాద్రి అనే గైడు మా అరడజను మందిని వారం రోజులు మన్యంలో తిప్పుతున్నాడు. మొదటి రోజు ఈ ఘాటు ఎక్కి, కొండలన్నీ చుట్టి, ఆఖరి రోజు మళ్ళీ ఈ ఘాటే దిగాలి. పోయిన చలికాలం అన్నయ్య ఇదే సింహాద్రితో, ఇదే సైకిలు మీద వచ్చాడు. ఎక్కుతూ ఎక్కుతూ పెద్ద మలుపు దగ్గర పక్కకి ఒరిగిపోయాడు. దిగడం వాడికి దక్కలేదు. ఆ దిగుడు నేను దిగుతానని వదినకి మాటిచ్చి వచ్చాను, ఎవరెన్ని చెప్పినా వినలేదు. ఇంక అదొక్కటే మిగిలింది, తెల్లారితే అదే.

"ఏటో పోగొట్టుకున్నావంట?" అంటున్నాడు అన్నయ్య, ఎవరు చెప్పారో వీడికి.

"ట్యూబు వాల్వు మూత. గాలి కొట్టి చూసేసరికి లేదు. వరండా అంతా టార్చి వేసి వెతికాను. నా గదిలో ఉండే ఆ హెలెన్ టీచర్ గారు ఊడ్చి పారేసుంటారు, ఆవిడకి కనపడిందల్లా ఊడ్చే జబ్బు."

"దొరుకుద్దిలే, ఎక్కడికి పోద్ది."

అంటూనే వాడు సైకిలు ఆపి దిగుతున్నాడు, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓకు చెట్ల మధ్య రోడ్డు పక్కన సోడా బండి ఉంది, కాదు, బండి కాదు, కంచరపాలెంలో మా పాత ఇంటి వంటగది గుమ్మం అది, గుమ్మానికి అవతల కొండ, ఇవతల లోయ. లోపలి నుంచి వదిన గాజుల చెయ్యి ఒక్కటే బయటికి వచ్చి గోలీ సోడా అందిస్తోంది. మనిషి కనపడటం లేదు. అన్నయ్య బొటనవేలితో గోలీ నొక్కుతున్నాడు, కీచుమని చప్పుడు, సోడా పొంగి వాడి పసుపుపచ్చ బనీను మీద పడుతోంది, వాడు ఎడమ చేత్తో గుండె రాసుకుంటున్నాడు.

"గ్యాసే," అంటున్నాడు. "పొద్దున్న పూరీ తిన్నాను కదా. సోడా తాగితే పోద్ది."

అంతే, నాకు ఎక్కడ లేని ఆవేశం ముంచుకొస్తోంది.

"గ్యాసు, గ్యాసు! మన కొంపలో గుండె నొప్పని ఎవడికైనా వచ్చిందిరా? మన నాన్నకీ గ్యాసే, పెద్దనాన్నకీ గ్యాసే, వాములు నమలడం, సోడాలు తాగడం, తర్వాత పాడె కట్టడం. ఆ రోజు సింహాద్రి నిన్ను అడగలేదా, ఏంటి సార్ అలా ఉన్నారని? వ్యాను వెనకే వస్తోంది కదా, ఎక్కి కూర్చుంటే నీ సొమ్మేం పోయేదిరా? ఒక్క మాట! ఒక్క మాట చెప్పుంటే బతికేవాడివి!"

అరుస్తుంటే ఏడుపొచ్చేస్తోంది నాకు. శవం ఇంటికొచ్చిన రోజున కూడా ఇంత ఏడవలేదు, వదినని పట్టుకోవడానికే సరిపోయింది. వాడు మాత్రం సోడా చివరి గుక్క దాకా తాగుతున్నాడు, తొందర లేకుండా.

"చెప్తే వ్యానెక్కించేత్తాడు కదే," అంటున్నాడు నెమ్మదిగా. "అంతదూరం వచ్చి వ్యానులో కూర్చుని కొండ చూడ్డమేటి, నామోషీ కాదూ? అయినా నేను సింహాద్రికి అబద్ధం చెప్పలేదే. నాకు నేను చెప్పుకున్నాను. గ్యాసే, గ్యాసే అని. వాడడిగే టైముకి నేను నమ్మేసాను కూడా."

నా ఎడమ చెయ్యి వెనక్కి దాచుకుంటున్నాను. ఎందుకో వాడు దాన్ని చూడకూడదనిపిస్తోంది.

"ఏది, ఆ చెయ్యి ఇలా తే."

"ఏం లేదు. తిమ్మిరి. హ్యాండిలు మీద వాలి వాలి పట్టింది. అదే పోతుంది."

"అదే పోద్ది," అని నవ్వుతున్నాడు అన్నయ్య, పెద్దగా, మా పెరట్లో అంట్లు తోముకునే అమ్మకి కూడా వినపడేటట్టు. "సోడా తాగుతావేటే?"

ఓరి నాయనో, వీడికి తెలిసిపోయింది. వారం మధ్యలో మొదలైంది నాకు ఇది. చిటికెన వేలూ దాని పక్క వేలూ ముందు చీమలు పాకినట్టు ఉండి, తర్వాత చీమలు కూడా పోయాయి. ఇప్పుడు గిల్లినా తెలియడం లేదు, ఆ రెండు వేళ్ళూ వాటంతట అవే లోపలికి ముడుచుకుపోతున్నాయి, వెనక చక్రం బ్రేకేమో ఆ చేతిదే. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి సింహాద్రి ఒక ఆచారం పెట్టాడు. రోజూ పొద్దున్న బయల్దేరే ముందు అందరినీ గుండ్రంగా నిలబెట్టి ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతాడు, ఒళ్ళు బాగుందా, బండి బాగుందా అని. ఏ ఒక్కటి బాగోలేదన్నా సైకిలు వ్యాను మీదికి, మనిషి వ్యాను లోపలికి, ఇంక బతిమాలుకోవడాలు లేవు. రోజూ అందరికంటే గట్టిగా బాగుందని చెప్పేది నేనే.

"నాకీ ఒక్క దిగుడు కావాలిరా," అంటున్నాను. "నీ కోసమే కదా. తర్వాత ఏ డాక్టరుకైనా చూపించుకుంటాను, ఒట్టు."

అన్నయ్య ఖాళీ సీసా వంచి అరచేతిలోకి కొడుతున్నాడు, సీసా పగలకుండానే గోలీ బయటికి వచ్చేస్తోంది, ఆకుపచ్చగా, తడిగా. దాన్ని తెచ్చి నా ఎడమ అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే ఒక్కొక్కటీ ముడుస్తున్నాడు.

"పట్టుకుని దిగు. పడేయకు, చూస్కో. కిందకెళ్ళాక నాకు అప్పజెప్పాలి."

చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలియడం లేదు. అసలు ఉందో లేదో తెలియడం లేదు. అడుగుదామని తలెత్తేసరికి వంటగది లేదు, వదిన చెయ్యి లేదు, సైకిలు మీద ఉన్నాను, సైకిలు పరుగెడుతోంది. ఇప్పుడు అనుమానమే లేదు, ఇది దిగుడే. ఎడమ పక్క కొండ గోడ, కుడి పక్క ఏమీ లేదు, మంచు, దాని అడుగున ఎక్కడో నీళ్ళ చప్పుడు. తెల్ల రంగు వేసిన రాళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, వాటి మీద ఊరి పేరు ఉండాల్సిన చోట ఏమీ రాసి లేదు. అన్నయ్య గొలుసు చప్పుడు వెనక నుంచి వినపడుతోంది, గ్రూపులో ఆఖరి మనిషి అందరినీ కాచుకుంటూ వచ్చినట్టు వస్తున్నాడు.

"ఒళ్ళు?" అని అడుగుతున్నాడు వెనక నుంచి, అచ్చం సింహాద్రి గొంతుతో.

"బాగుంది!"

అనగానే రోడ్డు ఇంకా వాలుతోంది. కుడి చేతి బ్రేకు నొక్కితే ముందు చక్రం తడి రోడ్డు మీద జర్రున పక్కకి జారుతోంది, వదిలేస్తున్నాను, ఎడమ చేత్తో నొక్కుతున్నాను, నొక్కానని అనుకుంటున్నాను, వేగం మాత్రం తగ్గడం లేదు. మలుపు. కాఫీ తోట వాసన గుప్పున వచ్చి వెళ్ళిపోతోంది. కింది నుంచి లారీ హారను కొడుతోంది, ఎక్కడుందో కనపడదు.

"ఒళ్ళు?"

"బాగుందన్నాను కదరా!"

ఇంకా వాలు. ఇంకో మలుపు, మోకాలు కొండ రాయికి రాసుకుంటుండగానే బయటపడుతున్నాను. ఆ పెద్ద మలుపు వస్తోందని నాకు తెలుసు. మొదటి రోజు ఎక్కేటప్పుడు అక్కడ సైకిలు దిగి, వాడు ఒరిగిపోయిన చోట మట్టి తాకి, ముక్కు చీదుకుని మళ్ళీ ఎక్కాను.

"అన్నయ్యా, నువ్వు ముందుకి రారా, నాకు దారి చూపించరా!"

"ఆ మలుపు దాకే నాకు తెలుసే. తర్వాత నాకూ తెలీదు." ఆ గొంతు ఇప్పుడు వాడిదే, చాలా దగ్గరగా, నా మెడ మీద ఊపిరి తగిలేటంత దగ్గరగా. "నీకేటి పని అక్కడ? నేనక్కడ ఏటీ పారేసుకోలేదే, నువ్వు ఏరి తేవడానికి."

"వదినకి మాటిచ్చాను!"

"మీ వదినకి ఇంకో శవాన్ని పంపుతానని మాటిచ్చావేటే?"

నోరు ముయ్యరా అని అరుద్దామంటే గాలి నోట్లో దూరి మాట రావడం లేదు.

"గోలీ ఉందా?" అంటున్నాడు.

"ఉంది."

"చూసి చెప్పు."

"చూడాలంటే చెయ్యి తియ్యాలి, చెయ్యి తీస్తే పడిపోతాను!"

"చూడకుండా ఉందని ఎలా చెప్తావే? తగుల్తోందా నీకు?"

లారీ దీపాలు మంచులో రెండు పచ్చటి మరకల్లా తేలుతున్నాయి, మలుపు తిరుగుతోంది, అది కంచరపాలెం వీధి మలుపు కూడా, మూల మీద మా నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని వాము నములుతున్నాడు, నన్ను చూసి లేస్తున్నాడు. ఎడమ చేతిని బలమంతా పెట్టి బిగిస్తున్నాను, బిగిసిందో లేదో నా చెయ్యి నాకు చెప్పడం లేదు.

"తగుల్తోందేటే? చెప్పవే జ్యోతీ! ఉందా, లేదా?"

"తెలియడం లేదురా!" అని గొంతు చించుకుని అరుస్తున్నాను. "నాకు తెలియడం లేదు!"

"ఏటి తెలీటం లేదండీ?"

హెలెన్ టీచర్ గారు నోట్లో బ్రష్షు పెట్టుకుని నా మంచం పక్కన నిలబడి ఉన్నారు. ఆవిడ గాజువాకలో పిల్లలకి ఆటలు నేర్పి రిటైరైన మనిషి, వారం నుంచీ నా గది ఆవిడతోనే. కిటికీ బయట తెల్లారింది, నిజం మంచు, కలలోదాని కంటే పల్చగా ఉంది. రాత్రి టైరు సంగతి చూసి, మూత వెతికి వెతికి, కాసేపు నడుం వాలుద్దామని పడుకున్నదాన్ని అలాగే నిద్రపోయినట్టున్నాను. ఒళ్ళంతా చెమట.

"పీడకల," అని లేవబోయి చూసుకున్నాను. నా ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉంది. తెరుద్దామంటే ఆ రెండు వేళ్ళూ రావడం లేదు. కుడి చేత్తో పట్టుకుని ఒక్కొక్క వేలూ లేపాను, ఎవరి చేతినో తెరుస్తున్నట్టుంది. చిటికెన వేలి మడతలో, చర్మం గుండ్రంగా లొత్త పడేలా నొక్కుకుని, నల్లగా, శనగ గింజంత ఉంది. వాల్వు మూత.

హెలెన్ టీచర్ గారు వంగి చూశారు. "హవ్వ! రాత్రి నేనెత్తుకుపోయానన్నట్టు చూశారు కదండీ నన్ను! మీ గుప్పిట్లోనే పెట్టుకుని ఇల్లంతా వెతికించారా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. "చేతిలో ఉన్నట్టు తెలీలేదా మీకు?"

తెలీలేదు. రాత్రంతా తెలీలేదు.

బయట సింహాద్రి ఈల వేశాడు. చెప్పులేసుకుని, అన్నయ్య సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి గుండ్రంలో నా చోట నిలబడ్డాను. ఒక్కొక్కరూ చెప్తున్నారు, బాగుంది, బాగుంది. మంచు వెనక ఘాటు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. ఇక్కణ్ణుంచి అంతా దిగుడే, ఒక్క పూట పని.

"జ్యోతి మేడమ్," అన్నాడు సింహాద్రి. "ఒళ్ళు?"

బాగుంది అనే మాట అలవాటుగా నాలిక మీదికి వచ్చేసింది. దాన్ని మింగి, ఎడమ చెయ్యి ముందుకి చాపాను. అరచేతిలో ఆ మూత అలాగే ఉంది.

"బాగోలేదు," అన్నాను.