ఒకే సైజు పక్షులు

నేను ఒక రేకు బోర్డును. ఎండకు కాలడం నాకు అలవాటే. కానీ నా ఒళ్ళు మండేది ఎండకు కాదు, మనుషుల్ని తలుచుకుంటే మండుతుంది.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఒక ఇసుకదిబ్బ ఉండేది. చలికాలం వచ్చిందంటే దాని మీద సముద్రపు కాకులు వాలేవి. అదే, మీరు సీగల్స్ అంటారే, అవి. అన్నీ ఒక్కటే అనుకుంటారు జనం. కాదని చెప్పడానికే కాలేజీలో జువాలజీ చెప్పే వసుంధరగారు, దిబ్బకు ఎదురుగా ఒడ్డున పెట్టడానికి నన్ను చేయించారు. నాలుగు రకాలనూ అసలు సైజులో వేయించాలని ఆవిడ పట్టుదల. అందులో రెండింటికి వేసవి ముందు తల నల్లబడుతుంది. చిన్న నల్లతల మన కాకి అంత ఉంటుంది. చెరువైనా, మురుగు కాలవైనా, చేపల రేవైనా సర్దుకుపోతుంది. పెద్ద నల్లతల బాతుకన్నా పెద్దది, ఎక్కడో మంగోలియా సరస్సుల నుంచి వస్తుంది. మా తీరంలో దానికి మనిషి అడుగు పడని ఆ దిబ్బ ఒక్కటే దిక్కు. గోధుమరంగు తలది, నల్లరెక్కలది ఈ రెండింటికీ మధ్య రకాలు.

పెయింటర్ సూరిబాబు సుద్దముక్కతో గీతలు సరిగ్గానే గీశాడు. అప్పుడు ఊడిపడ్డాడు పర్యాటక అధికారి రంగనాయకులు.

"ఇదేంటయ్యా, ఒకటి పిట్టంత, ఒకటి ఏనుగంత? అన్నీ సమానంగా వెయ్యి. రేపు బోర్డు ప్రారంభోత్సవం, ఫోటోలో బాగుండాలి."

"మేడంగారు ఒప్పుకోరండి."

"ఆవిడకి నేను చెప్తాలే."

చెప్పలేదు. సూరిబాబు గీతలు చెరిపేశాడు. రెండు నల్లతలలూ కవలపిల్లల్లా తయారయ్యాయి. మర్నాడు వసుంధరగారు నన్ను చూసి, మళ్ళీ గీయించాలని సూరిబాబును పిలిచారు. అప్పటికే నా మెడలో పూలదండ పడింది. బోర్డుకు మెడ ఎక్కడుందని అడక్కండి, దండ వేయాలనుకున్న మనుషులకు మెడతో పనిలేదు.

ఏడాది తిరక్కుండా దిబ్బ మీద రిసార్టు కడతామన్నారు. జనం అభిప్రాయం అడగడానికి నా పక్కనే టెంటు వేసి సభ పెట్టారు. వసుంధరగారు లేచి, "దిబ్బ పోతే పెద్ద నల్లతల ఇక రాదండీ" అన్నారు.

రంగనాయకులు కర్రతో నా మొహం మీద టకటకా కొట్టాడు. "చూడండమ్మా, ఇదీ అదీ ఒకటే. ఊరి చెరువులో ఇవే తిరుగుతున్నాయిగా? దిబ్బ మీదవీ అక్కడికే పోతాయి."

"ఆ బొమ్మ తప్పండీ! మీరే మార్పించారు!"

"బోర్డు పెట్టించింది మీరు. ఇప్పుడు తప్పంటారేంటి?"

సభ నవ్వింది. వెనక వరసలో సూరిబాబు తల దించుకున్నాడు. నాకు నోరు లేదు, ఉన్నది మొహం మాత్రమే, దాని నిండా అబద్ధం. ఆవిడ చేయించిన నేనే ఆవిడకు ఎదురు సాక్ష్యం చెప్పాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ తీరలేదు.

రిసార్టు లేచింది. ఆ చలికాలం పెద్దవి వచ్చాయి. దీపాల మీదుగా, పాటల హోరు మీదుగా కాసేపు తిరిగి, వాలకుండానే వెళ్ళిపోయాయి. వసుంధరగారు ఒడ్డున నిలబడి చూశారు. మరుసటి ఏడు అవి రానే లేదు.

నన్ను పీకి, రిసార్టు వెనక చెత్తకొట్టుకు తలుపుగా బిగించారు, బొమ్మలు లోపలివైపుకు పెట్టి. మొన్న రంగనాయకులు కుటుంబంతో వచ్చాడు. బయట చెత్తకుప్ప మీద గుంపులుగా కొట్టుకుంటున్న చిన్న నల్లతలలను భార్యకు చూపించాడు.

"పక్షులు పోతాయని ఆ మేడం ఎంత గోల చేసిందీ! చూడు, ఇదివరకటికన్నా ఎక్కువే ఉన్నాయి."

ఆ మాటకు నేను ధడాలున కొట్టుకున్నాను. గాలి అనుకున్నాడు.