తట్టి చూసిన మాట

సినిమాల్లో నన్ను చూడగానే నవ్వే జనం, 1955లో నంద్యాల గోడల మీద నా బొమ్మకు పేడ కొట్టారు. ఎన్నికల రోజులు మరి. పన్నెండేళ్ల కిందట, యుద్ధం నాడు, ఇదే ఊళ్లో నాటకాల పందిట్లో మన కుర్రాళ్లను పటాళంలో చేరమన్నాను. విశాఖ మీద బాంబులు పడ్డాయి, తెల్లవాడి సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఓట్లకు నిలబడ్డ లక్ష్మీనారాయణకు అది ఇప్పుడు గుర్తొచ్చింది. నన్ను పట్టుకుని, ఈ మద్దిలేటి తెల్లోడి తొత్తు, ఆదివారం మ్యాట్నీకి ముందు క్షమాపణ చెప్పకపోతే నా కొత్త సినిమా ఆడనివ్వం అన్నాడు. ఆ సినిమా పోతే మద్రాసులో నన్ను పిలిచేవాడుండడు.

భయం వేయలేదు, ఒళ్లు మండింది. ఆ కోపమంతా కక్కేద్దామని ఆళ్లగడ్డ వెళ్లాను. మా నాయన చెన్నకేశవులు అక్కడ విగ్రహాలు చెక్కుతాడు. ఏ రాయినైనా ముందు సుత్తితో తట్టి వింటాడు. గంటలా మోగితే దేవుడికి, లోపల పగులుండి మొద్దుగా పలికితే గడపకు. నేను చెప్పిందంతా విన్నాడు.

"నీ మాటను తట్టి చూసుకున్యావా? యాడన్నా పగులుండాదా?"

"లేదు నాయనా."

"అంత బేగా చెప్పొద్దు. మళ్లా తట్టు."

తిరుగు బస్సులో దావీదు గుర్తొచ్చాడు. ఆనాడు పందిట్లో నా వేషానికి పడీపడీ నవ్వి, మరునాడే పటాళంలో చేరినవాడు. బర్మాలో పోయాడు.

ఆదివారం హాల్లో వేదికెక్కాను. "పటాళంలో చేరమన్న మాట వెనక్కి తీసుకోను. ఈ పొద్దు కూడా అదే చెప్తా. కానీ, ఆర్నెల్లలో అందరూ నవ్వుకుంటా తిరిగొస్తారంటిని. అది నాకు తెల్దు. మీరు నవ్వాలని చెప్పినా. అదొక్కటి అబద్ధం."

లక్ష్మీనారాయణ మనుషులు "క్షమాపణ చెప్పు!" అని అరిచారు. ఆడవాళ్ల బెంచీల్లోంచి దావీదు భార్య లూదియా లేచింది. హాలు సద్దుమణిగింది.

"అన్నా, ఈ మాట మా ఇంటికొచ్చి చెప్పనీకి పన్నెండేండ్లు పట్టిందా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"నా బిడ్డ వాళ్ల నాయన్ను చూడల్యా. ఆయప్ప ఎట్ల నవ్వుతాండెనో నేనూ మర్చిపోతాండా. ఆ దినం నువ్వు చూసినావు కదా. రేపొచ్చి దానికి ఆ నవ్వు చేసి చూపియ్యి." ఆ తర్వాత అరిచినవాళ్ల వైపు తిరిగింది. "కూచోండప్పా, సినిమా ఎయ్యనీండి."

కూర్చున్నారు.

మరునాడు వెళ్లాను. దావీదు కూతురు ప్రసన్నకుమారి ఎదుట నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, అచ్చం దావీదులా నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

"ఇంగోసారి" అంది.