వంపులు తినే మౌసు

పటాల ఆఫీసులో గీతలమ్మ కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక ఆ చెయ్యి మీద అందరికీ ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు అదే చెయ్యి వాగులూ కాలవలూ గట్లూ గీసి గుట్టలకొద్దీ పటాలు నింపితే ఒక్కరూ దాని వైపు చూసిన పాపాన పోలేదు. ఆ గీతల వల్లే ఆవిడకు ఆ పేరు స్థిరపడింది, అదొక్కటే దక్కిన బిరుదు. ఇప్పుడు మాత్రం ఆవిడ టీ కప్పు ఎత్తితే చాలు, పక్క బల్లల నలుగురూ పని ఆపి చూస్తారు. కప్పు క్షేమంగా బల్ల మీదికి దిగాక ఊపిరి వదులుతారు. "అయ్యో అక్కా, నేను పట్టుకోనా?" అంటారే గానీ ఎవరూ పట్టుకోరు.

ఆవిడ పని చెప్పడానికి సులువే. పైనుంచి తీసిన ఫొటోను తెర మీద పరిచి, అందులో కనిపించే వాగు వెంబడి మౌసుతో గీసుకుంటూ పోవాలి. వాగు ఎక్కడ తిరిగితే అక్కడ తిరగాలి. వణికే చేతికి ఆ మాత్రం తిరగడమే గగనమైపోయింది. బాణం గుర్తు ఒకసారి గట్టెక్కేది, ఒకసారి పక్కవాళ్ళ పెరట్లో దూరేది.

సూపరింటెండెంటు ఒకరోజు ఆవిడను గదిలోకి పిలిచాడు. ఆయనకు శుభ్రత అంటే ప్రాణం. ఆయన బల్ల మీద పెన్సిళ్ళు కూడా పొడుగు పొట్టి వరసలో పడుకుని ఉండాలి.

"మీ మంచికే చెబుతున్నానమ్మా. రికార్డు గదిలో హాయిగా ఉంటుంది. ఫ్యానుంది, కిటికీ ఉంది. పనే ఉండదు."

ఆ గదిలోకి వెళ్ళిన కాగితం గానీ మనిషి గానీ మళ్ళీ బయటికి వచ్చిన దాఖలా లేదు. గీతలమ్మ బతిమాలింది. చివరికి నెలరోజుల గడువు దొరికింది. నెలాఖరుకి వాగు షీటు ఒక్కటి పనికొచ్చేలా గీసి చూపిస్తే కుర్చీ ఆవిడదే, లేకపోతే రికార్డు గది. ఆవిడకు ఆ కుర్చీ కావాలి. దాచడమెందుకు, అది పోతే తనకంటూ ఏమీ మిగలదని ఆవిడకు లోపల గట్టి భయం.

ఆవిడ భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాడు. ఆయనే ఎక్కడెక్కడో వాకబు చేసి ఒక పెట్టె పట్టుకొచ్చాడు. చేతులు పట్టుతప్పినవాళ్ళ కోసం చేసిన మౌసట. దాన్ని అటూ ఇటూ జరపక్కర్లేదు, పైనున్న నారింజపండంత బంతిని అరచేత్తో దొర్లిస్తే చాలు. నొక్కే మీట వేరే తీగకు వేలాడుతూ ఉంటుంది, మోచేత్తో నొక్కినా కాలితో నొక్కినా దానికి అభ్యంతరం లేదు. పక్కన సున్నా నుంచి పది దాకా అంకెలున్న చిన్న చక్రం ఒకటి. వణుకు ఎంత ఉంటే చక్రం అంత పెంచుకోమని కాగితంలో రాసి ఉంది.

"మంచి వస్తువు కొన్నాక పూర్తిగా వాడుకోవాలోయ్," అని భర్త సెలవురోజు ఆఫీసుకే వచ్చి, దాన్ని తగిలించి, చక్రాన్ని పదికి తిప్పేసి పక్కన కుర్చీ వేసుకున్నాడు. "ఆఁ, మెల్లగా... వంపు వస్తోంది, స్పీడు తగ్గించు... అయ్యో, ఎదురుగా చూడు!" పక్క సీట్లో బ్రేకు తొక్కి తొక్కి అలవాటైన కాలు, గీతలమ్మ బంతి దొర్లించినప్పుడల్లా నేలను తొక్కుతూనే ఉంది.

కానీ గీత వచ్చింది. వణుకు మచ్చుకైనా లేకుండా, నున్నగా, ఒకే ఊపులో వచ్చింది. వణుకు మొదలైన రెండేళ్ళ తర్వాత తన చేత్తో గీసిన నున్నని గీతను చూసుకుని గీతలమ్మ గట్టిగా ఏడ్చేసింది. "క్లచ్ బాగా పట్టావోయ్," అన్నాడు భర్త. ఆయనకు తెలిసిన పొగడ్త అదొక్కటే.

ఆ షీటు చూసి ఆఫీసంతా ముక్కున వేలేసుకుంది. "ఇది వాగా, పట్టుదారమా!" అని సూపరింటెండెంటు మురిసిపోయాడు. పక్క బల్లల నలుగురూ తలా ఒకసారి బంతి దొర్లించి చూశారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. రాయిలాంటి చేతులున్న ఆ నలుగురికీ వణుకు మౌసులు అర్జంటుగా కావలసి వచ్చాయి. పది రోజుల్లో నాలుగు పెట్టెలు దిగాయి. ఎవరికోసం చేసినవో పెట్టె మీద అచ్చువేసి ఉంటే, సూపరింటెండెంటు దాని మీద ఆఫీసు చీటీ అంటించి మర్యాద కాపాడాడు. నలుగురూ చక్రాన్ని పదికే తిప్పారు. తొమ్మిది దగ్గర ఆగితే పక్కవాడి ముందు తలవంపులు కదా.

షీటు అప్పజెప్పబోయే ముందు, పాత అలవాటు కొద్దీ, గీతలమ్మ తన గీతను ఫొటో మీద పెట్టి చూసుకుంది. చూసి నీరుగారిపోయింది. ఫొటోలో వాగుకి ఇటుకల బట్టీకీ పల్లపు ఇళ్ళకీ మధ్య పదిహేడు వంపులున్నాయి. గీతలో నాలుగున్నాయి. మిగతా పదమూడింటినీ మౌసు తినేసింది. దాన్ననడానికేముంది? వణికేది చెయ్యో, వంకర తిరిగేది వాగో దానికెవరు చెప్పారు? రెంటినీ ఒకే గాటన కట్టి నున్నగా దువ్వేసింది. పల్లపు ఇళ్ళ దగ్గరైతే వాగు ఏకంగా ముప్పై అడుగులు అవతలికి జరిగి కూర్చుంది. ఈ పటం చూసే రేపు వరద గోడ కడతారు. కడితే ఇళ్ళూ, వాగూ గోడకి ఒకేవైపు కలిసిమెలిసి ఉంటాయి.

వెళ్ళి చెప్పింది. "మొన్నటిదాకా చెయ్యి బాగాలేదన్నారు. ఇప్పుడు మౌసు బాగాలేదంటున్నారు," అని సూపరింటెండెంటు నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అక్కా," అని నలుగురిలో ఒకడు అందుకున్నాడు. నిజానికి అక్కడ అందరినీ ఆడిస్తున్నది మద్దెలేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నున్నని షీటు చేతిలోనే ఉంది. ఇచ్చేస్తే కుర్చీ దక్కుతుంది. ఇచ్చేద్దామని గీతలమ్మకు రెండు రోజులు గట్టిగానే అనిపించింది. ఆవిడేమీ దేవత కాదు. కానీ ఆ పల్లపు ఇళ్ళు కళ్ళు మూసుకున్నా కనిపించాయి. మూడోరోజు చక్రాన్ని సున్నాకి తిప్పింది.

వణుకు మళ్ళీ తెర మీదికొచ్చింది. అప్పుడావిడ ఒక ఉపాయం పట్టింది. బంతిని దొర్లించి బాణాన్ని వంపు మొదట్లో పెట్టడం, చెయ్యి పూర్తిగా తీసేయడం, ఆ తర్వాత తీగకు వేలాడే మీటను ఎడమ మోచేత్తో నొక్కడం. చెయ్యి దాని మానాన అది గాల్లో వణుక్కుంటుంది, బాణం మాత్రం కదలదు. ఒక చుక్క పడుతుంది. గురి తప్పితే మళ్ళీ దొర్లించాలి. అలా చుక్కా చుక్కా కలుపుకుంటూ పదకొండు రోజులు గీసింది. మిగతా నలుగురూ ఈలోగా తలా ఒక షీటు అలవోకగా గీసి పారేసి, టీలు తాగుతూ ఆవిడ మోచేతి నొక్కులు లెక్కపెట్టారు.

శుక్రవారాలు ఆ ఆఫీసులో అంచులు కలుపుతారు. పక్కపక్క షీట్లు ఆనించి పెడితే ఒకదాంట్లోంచి బయటికొచ్చిన వాగు రెండోదాంట్లోకి సరిగ్గా దూరాలి. గీతలమ్మ షీటు నడిమధ్యది, చుట్టూ నలుగురివి నాలుగు. నాలుగు వైపులా ఒక్క వాగూ, ఒక్క కాలవా కలవలేదు.

"నలుగురిదీ ఒక దారి, మీదొక దారా?" అన్నాడు సూపరింటెండెంటు. "మొదట గీసిన నున్నని షీటు ఇచ్చెయ్యండి. అది చక్కగా కలుస్తుంది. కుర్చీ మీదే."

"అది వాగు కాదండీ."

నలుగురితో నారాయణా అంటే పోయేదానికి ఈవిడకెందుకింత పట్టుదలని నలుగురూ జాలిపడ్డారు. "అయితే సోమవారం నుంచి రికార్డు గదమ్మా," అన్నాడాయన.

"అలాగే వెళతాను సార్. ముందు ఒక్కసారి ఆ అంచు పడే చోటికెళ్ళి వాగుని చూసొద్దాం."

ఆయన ఒప్పుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఆవిడకు దగ్గరుండి చూపించే అవకాశం వస్తే ఎందుకు వదులుకుంటాడు?

శనివారం పొద్దున్నే పల్లపు ఇళ్ళ వెనక జీపు ఆగింది. సూపరింటెండెంటు, గీతలమ్మ, ఆడలేక మద్దెల ఓడన్న మనిషి దిగారు. వానల తర్వాత కలుపు ఏపుగా పెరిగి, కనుచూపు మేర ఒకే పచ్చదనం పరుచుకుని ఉంది. సూపరింటెండెంటు రెండు షీట్లు కలిసే చోటి సరిహద్దు రాయి దగ్గర నిలబడి, గీతలమ్మ దగ్గర తీసుకున్న మొదటి నున్నని షీటు విప్పాడు.

"వాగు ఇంకా ముప్పై అడుగుల అవతలుంది. ఇదంతా గట్టి నేల. చూడండి," అని నడిచాడు.

"సార్, ఆగండి!"

"పటం ఉందిగా!"

మూడడుగులు దర్జాగా వేశాడు. నాలుగో అడుగుకి కలుపు కింద నేల లేదు. జర్రున జారి నడుము లోతు నీళ్ళలోకి దిగిపోయాడు, నాలుగు గజాలు కొట్టుకుపోయి ఎలాగో నిలదొక్కుకున్నాడు. షీటు మాత్రం తడవకుండా నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు. ఆయన శుభ్రతకి వంక పెట్టలేం.

ఎటు చూసినా అదే పచ్చదనం. ఒక కాలు ఎత్తితే రెండోది బురదలో దిగుతోంది. ఆయన తన షీటు వైపు చూశాడు, అందులో ఆయన నిలబడ్డ చోట నీళ్ళే లేవు. గీతలమ్మకు నవ్వు రాలేదు, ఆయన ఇంకో అడుగు వెనక్కి వేస్తే ఏమవుతుందోనని గబగబా తన షీటు విప్పింది. కాగితం చేతిలో టపటపా కొట్టుకుంది.

"కదలకుండా పట్టుకోండమ్మా, ఏమీ కనబడటం లేదు!" అని అరిచాడాయన.

"నా చెయ్యి ఆగదండీ. మీరు చూడక్కర్లేదు, నేను చెబుతాను. ఎడమకి తిరగండి. ఇంకాస్త ఎడమకి. అక్కడ వాగు వంపు తిరిగింది, వంపు లోపల మెరక ఉంది. నాలుగడుగులు వెయ్యండి."

ఆయన మరొకసారి తన షీటు చూసుకున్నాడు. అందులో వంపు లేదు. ఆవిడ వైపు చూసి, ఎడమకి తిరిగాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగుకి కాలికి నేల తగిలింది. ఆవిడ గీసిన పటాల మీద ఇన్నేళ్ళూ సంతకాలు పెట్టడమే గానీ, ఆవిడ గీత వెంట నడవడం ఆయనకు అదే మొదలు.

మెరక మీద కూలబడి నున్నని షీటుని నాలుగు మడతలు పెట్టాడు.

"సోమవారం... మీ కుర్చీలోనే కూర్చోండి. ఆ నాలుగు షీట్లు కూడా మీరే మళ్ళీ గీయాలి."

నిన్నటిదాకా ఒక్క షీటుకి పనికిరాని చేతికి ఇవాళ మరో నాలుగు షీట్లు. గీతలమ్మకు ఒళ్ళు మండింది. అంతకు పదింతలు సంతోషమూ వేసింది.

"గీస్తాను సార్. ఒక్కోదానికి పదకొండు రోజులు. తొందర పెట్టకూడదు."

"పెట్టనమ్మా," అన్నాడాయన, బూట్లోంచి వాగుని ఒంపుకుంటూ.